"ఏ తేదీన జరిగింది?": బ్రిటన్‌లోని తెలుగు సంఘాలకు ఒక బహిరంగ లేఖ

బ్రిటన్‌లోని తెలుగు సంఘాల కార్యవర్గ సభ్యులందరికీ నమస్కారం.

మీలో చాలామందికి నేను ముఖపరిచయమే. సంక్రాంతి ముగ్గుల పోటీ దగ్గర పేర్లు రాసుకునేది నేనే, దీపావళి భోజనాల క్యూలో టోకెన్లు చింపి ఇచ్చేదీ నేనే. ఈ లేఖ మాత్రం పండగల గురించి కాదు. ఉద్యోగంలో వివక్ష జరిగిందని ఎవరైనా మీ దగ్గరికి వస్తే మీరు చెప్పే మొదటి మాట గురించి.

ఆ మాట ఏమిటో నాకు తెలుసు, నాకూ అదే చెప్పారు కాబట్టి. "తొందరపడకమ్మా. ముందు కంపెనీలో చెప్పి చూడు. వాళ్ళేమంటారో చూశాక ఆలోచిద్దాం." మంచి మనసుతోనే చెప్పారు, అందులో నాకు అనుమానం లేదు. కానీ నా కేసు పోయింది ఆ మాట వల్లే.

కొన్నేళ్ళ కిందట ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ టీమ్‌లో ఉండేదాన్ని. నాకు నాలుగో నెల అని మేనేజర్‌కి చెప్పిన తొమ్మిదో రోజున, ఫిబ్రవరి 4న, ప్రాజెక్టు లీడ్ బాధ్యత నా నుంచి తీసేసి మరొకరికి ఇచ్చారు. "నీకు రెస్ట్ కావాలి కదా" అన్నాడాయన. ఆయనా తెలుగువాడే. మీ వేదిక మీద శాలువా కప్పించుకున్నవాడే. నేను గ్రీవెన్స్ పెట్టాను, అంటే కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. హెచ్‌ఆర్ వాళ్ళు ఒక మీటింగ్ పెట్టారు, రెండో మీటింగ్ వాయిదా వేశారు, మధ్యలో ఈస్టర్ సెలవులు వచ్చాయి. "త్వరలో తెలియజేస్తాం" అని మర్యాదగా మెయిల్స్ పెడుతూనే ఉన్నారు. మే 9న జవాబు వచ్చింది, నా ఫిర్యాదులో పస లేదని. రెండు వారాలు ఏడ్చి, తేరుకుని, వాళ్ళనీ వీళ్ళనీ అడిగి, రాజీ కుదిర్చే ఏకాస్ అనే సంస్థకి ఫారం పంపేసరికి మే 22.

నా గడువు మే 3నే దాటిపోయింది. పంతొమ్మిది రోజులు ఆలస్యం.

2010 నాటి సమానత్వ చట్టం కింద ఎంప్లాయ్‌మెంట్ ట్రిబ్యునల్‌కి, అంటే ఉద్యోగ తగాదాలు తేల్చే కోర్టుకి, వెళ్ళాలంటే, సంఘటన జరిగిన రోజుతో కలిపి మూడు నెలల్లోపు కదలాలి. వాడుకలో దీన్ని మూడు నెలలకి ఒక రోజు తక్కువ అంటారు. మార్చి 10న జరిగితే జూన్ 9 ఆఖరి రోజు, జూన్ 10 కాదు. కంపెనీలో గ్రీవెన్స్ నడుస్తోందా, అప్పీలు నడుస్తోందా అన్నది ఈ లెక్కకి పట్టదు. గ్రీవెన్స్ పెట్టినంత మాత్రాన గడువు ఒక్క రోజు కూడా ఆగదు. ఆగేది ఏకాస్‌కి తెలియజేసినప్పుడే. ఏకాస్ అనేది ప్రభుత్వ డబ్బుతో నడిచే రాజీ సంస్థ. 2014 మే నుంచి, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, ముందు వాళ్ళ తలుపు తట్టకుండా ట్రిబ్యునల్‌కి వెళ్ళడం కుదరదు. రాజీ ఇష్టం లేకపోతే వద్దని చెప్పొచ్చు. కానీ వాళ్ళిచ్చే సర్టిఫికెట్ నంబర్ లేని దరఖాస్తును ట్రిబ్యునల్ తీసుకోదు. ఈ ఫారం పంపడానికి పైసా ఖర్చు లేదు, ఒక టీ తాగేంత సేపు పడుతుంది. సర్టిఫికెట్ వచ్చాక మాత్రం గడువు లెక్క మళ్ళీ వేసుకోవాలి, చాలామంది అక్కడ తడబడతారు.

నా కేసులో గడువు మీదే విడిగా విచారణ పెట్టారు, వీడియోలో. వంటింటి బల్ల మీద లాప్‌టాప్, పక్క గదిలో పాపని ఎత్తుకుని మా ఆయన. తెర మీద న్యాయమూర్తి, కంపెనీ తరఫు బారిస్టర్, పెన్ను పట్టుకున్న హెచ్‌ఆర్ మనిషి. నేను రెండు వాదనలు పెట్టాను. మొదటిది, ఇది ఒక్క రోజుతో అయిపోయిన విషయం కాదు, బాధ్యత లేకుండా కూర్చోబెట్టడం నెలల తరబడి సాగింది అని. సాగుతూ వచ్చిన వివక్ష అయితే గడువును ఆఖరి రోజు నుంచి లెక్కిస్తారు. కానీ ఒక్కసారి తీసుకున్న నిర్ణయం, దాని ఫలితం తర్వాత ఎన్నాళ్ళు వెంటాడినా, ఒక్కసారి జరిగినదే అన్నారు. రెండో వాదన, గడువు పెంచడం న్యాయం అనిపిస్తే పెంచే అధికారం ట్రిబ్యునల్‌కి ఉంది కాబట్టి పెంచండి అని. అప్పుడు న్యాయమూర్తి అడిగారు, చాలా మెత్తగానే: "ఏప్రిల్ నెలలో మీకు ఈ మూడు నెలల సంగతి తెలుసా?"

తెలుసు. ఏదో సైట్‌లో చదివాను. అబద్ధం చెప్పలేకపోయాను. "తెలుసు, కానీ కంపెనీ జవాబు వచ్చాక చూద్దామని పెద్దవాళ్ళు చెప్పారు" అన్నాను. బారిస్టర్ తల కూడా ఎత్తకుండా ఏదో రాసుకున్నాడు. గంట తర్వాత తీర్పు: గడువు పెంచడం లేదు. గర్భవతిని కాబట్టి బాధ్యత తీసేశారా లేదా అన్న ప్రశ్న దగ్గరికి కేసు వెళ్ళనే లేదు.

ఈ గడువును ఆరు నెలలకు పెంచే చట్టం 2025 డిసెంబరులో పార్లమెంటు దాటింది. మంచిదే. కానీ చట్టం పాసైన రోజు వేరు, ఆ నిబంధన అమల్లోకి వచ్చే రోజు వేరు. అమలు తేదీకి ముందు జరిగిన సంగతులకు పాత లెక్కే వర్తిస్తుంది అనుకోవడం క్షేమం. "ఇప్పుడు ఆరు నెలలట కదా" అని వాట్సాప్ గ్రూపులో ఎవరైనా పెడితే, దయచేసి ఆ ముక్క కింద ఈ సంగతి కూడా రాయండి. లేకపోతే నాలాంటివాళ్ళు ఇంకో పదిమంది తయారవుతారు.

నేను మీ దగ్గరికి వచ్చినప్పుడు మీకు ఉన్న భయాలు నాకు గుర్తున్నాయి. కోర్టు అంటే వేలకు వేలు అవుతుందన్నారు. కాదు. ట్రిబ్యునల్‌లో కేసు వేయడానికి ఫీజు లేదు. 2013 జులై నుంచి నాలుగేళ్ళు ఉండేది. వివక్ష కేసు ఒకటి విచారణ దాకా వెళ్ళాలంటే మొత్తం 1,200 పౌండ్లు కట్టాల్సి వచ్చేది, దాంతో కేసుల సంఖ్య నిలువునా పడిపోయింది. యూనిసన్ కార్మిక సంఘం పోరాడి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2017 జులై 26న ఆ ఫీజులే చట్టవిరుద్ధమని కోర్టు కొట్టేసింది. కట్టినవాళ్ళకి డబ్బు తిరిగిచ్చారు. ఓడిపోతే కంపెనీ లాయరు ఖర్చు మన నెత్తిన పడుతుందన్నది రెండో భయం. మామూలుగా ఎవరి ఖర్చు వాళ్ళదే. మొండిగా, అసమంజసంగా నడిపిన కేసుల్లో, లేదా గెలిచే అవకాశం బొత్తిగా లేని కేసుల్లో మాత్రమే ఆ ఆదేశం వస్తుంది. అయితే కంపెనీ లాయర్లు "ఖర్చులు అడుగుతాం" అని బెదిరిస్తూ ఉత్తరం రాయడం మాత్రం మామూలే. ఆ ఉత్తరం నా దగ్గరా ఉంది, చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. మూడోది, "రెండేళ్ళు సర్వీసు లేదు కదా, నీకేం హక్కు" అని. ఆ రెండేళ్ళ లెక్క మామూలు అన్యాయపు తొలగింపుకి. వివక్షకి మొదటి రోజు నుంచే రక్షణ ఉంది. ఉద్యోగంలో చేరకముందే, ఇంటర్వ్యూలో జరిగినా కేసు వేయొచ్చు.

ఇక వీసా. మనవాళ్ళ కేసులన్నీ తిరిగి తిరిగి ఇక్కడికే వస్తాయి, అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

నా దగ్గరికి ఫోన్ చేసేవాళ్ళు (ఇప్పుడు నెలకి ఇద్దరు ముగ్గురు చేస్తున్నారు) అందరూ ఒకే వాక్యంతో మొదలుపెడతారు: "అక్కా, నేను వీసా మీద ఉన్నానని అలా చేస్తున్నారు." బాధగా చూస్తే అది అక్షరాలా నిజం. చట్టం ప్రకారం చూస్తే కేసుకి ఆ వాక్యమే గొయ్యి తీయగలదు. 2016లో సుప్రీంకోర్టు ముందుకి ఇద్దరు నైజీరియా మహిళల కేసులు వచ్చాయి. ఇళ్ళల్లో పనికి తెచ్చి, ఘోరంగా చూసిన కేసులవి. కోర్టు ఏమందంటే, వాళ్ళని అలా చూసింది నైజీరియన్లు అయినందుకు కాదు, వీసా పరిస్థితి వల్ల ఎదురు చెప్పలేని స్థితిలో ఉన్నందుకు అని. వీసా పరిస్థితి వేరు, జాతీయత వేరు. జాతి అన్న మాట కింద రంగు, జాతీయత, జాతి మూలం వస్తాయి గానీ వీసా రాదు. కాబట్టి అది జాతి వివక్ష కాదు.

ఆ తీర్పు చదివి నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. కానీ తీర్పు తీర్పే. కాబట్టి ఫోన్ చేసినవాళ్ళని నేను అడిగేది ఇది: అదే వీసా మీద, వేరే దేశం నుంచి వచ్చినవాళ్ళు మీ దగ్గర ఉన్నారా? వాళ్ళకీ అలాగే జరుగుతోందా? వీసా అవసరం లేని భారతీయులు ఉన్నారా? వాళ్ళని ఎలా చూస్తున్నారు? మీ రంగు గురించో, మాట తీరు గురించో, "మీవాళ్ళు" అనో ఎవరైనా ఏమైనా అన్నారా? అసలు కారణం వీటిలో దొరికితే కేసు నిలబడుతుంది. దొరకకపోతే వివక్ష కేసు కాకుండా జీతం బకాయి కేసో, కాంట్రాక్టు కేసో అవుతుంది. అదీ చిన్న విషయం కాదు, కానీ దారి వేరు.

కేసు వేస్తే వీసా రద్దవుతుందన్న పుకారు ఒకటి మన గ్రూపుల్లో తిరుగుతూ ఉంటుంది. కేసు వేయడం వీసా రద్దుకి కారణం కాదు. ఉద్యోగం పోయి, స్పాన్సర్ (వీసాకి పూచీ ఇచ్చిన యజమాని) ఆ సంగతి వీసాలు చూసే హోం ఆఫీసుకి చెబితే, సాధారణంగా 60 రోజులు ఇచ్చి మిగతా వీసా కత్తిరిస్తారు. అసలు ప్రమాదం అది. దాన్ని తక్కువ చేసి చెప్పను. భార్య, పిల్లల బడి, ఇంటి అద్దె అన్నీ ఆ 60 రోజుల మీద ఆధారపడిన మనిషికి "ధైర్యంగా ఉండు" అని చెప్పడం నాకు చేతకాదు. చెప్పగలిగింది ఒక్కటే. ఫిర్యాదు రాసేటప్పుడు "నన్ను సరిగ్గా చూడట్లేదు", "వేధిస్తున్నారు" అని ఊరుకోకుండా, ఏ కారణంతో వివక్ష అనుకుంటున్నారో ఆ మాట స్పష్టంగా రాయమని. జాతి అయితే జాతి అని, గర్భం అయితే గర్భం అని. అలా రాసినందుకు తర్వాత కక్ష కడితే, ఆ కక్ష సాధింపే సమానత్వ చట్టం కింద ఇంకో విడి ఆరోపణగా నిలుస్తుంది. మొదటి ఆరోపణ రుజువు కాకపోయినా రెండోది గెలవొచ్చు. సాక్ష్యం చెప్పిన తోటి ఉద్యోగికీ ఈ రక్షణ ఉంది.

రుజువు సంగతికి వస్తే, కేర్ హోమ్‌లో పనిచేసే ఒక తమ్ముడి గురించి చెప్పాలి. గోడకి అంటించిన రోటా షీటుని (షిఫ్టుల పట్టికని) ప్రతి సోమవారం ఫోనులో ఫొటో తీసేవాడు, తన షిఫ్టు మర్చిపోకుండా. కేసు కోసం కాదు. పదకొండు వారాల ఫొటోలు వరసగా పెట్టి చూస్తే, రాత్రి షిఫ్టులన్నీ ముగ్గురికే పడ్డాయి, ముగ్గురూ దక్షిణాసియా వాళ్ళే. పైగా సూపర్‌వైజర్ పెట్టిన మెసేజ్ ఒకటి ఉంది: "మీవాళ్ళకి నైట్లు అలవాటే కదా." పైకోర్టులు 2007 నుంచీ చెబుతున్నది ఇదే. నా రంగు వేరు, నన్ను వేరుగా చూశారు అన్న రెండు ముక్కలు సరిపోవు. ఇంకేదో ఒకటి కావాలి. అది చూపిస్తే, వివక్ష కాదని నిరూపించుకునే భారం యజమాని మీదకి మారుతుంది. ఆ "ఇంకేదో ఒకటి" మన తమ్ముడి ఫోను గ్యాలరీలో, పెళ్ళి ఫొటోలకీ బిర్యానీ ఫొటోలకీ మధ్యలో ఉంది. కేసు విచారణకి రాకముందే ఏకాస్ ద్వారా రాజీ అయింది. వివరాలు చెప్పకూడదన్న షరతు ఉంది కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

కంపెనీ దగ్గర మన గురించి ఏమేం రాసి ఉందో అడిగి తీసుకునే హక్కు కూడా ఉంది. డేటా రక్షణ చట్టం కింద అడిగితే ఉచితంగా, మామూలుగా నెలలోపు ఇవ్వాలి. క్లయింటు ఆఫీసులో కూర్చుని పనిచేసే కన్సల్టెంట్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకొకటి: జీతం ఇచ్చేది ఒక కంపెనీ, అవమానించింది ఇంకో కంపెనీ అయినా, ఆ రెండో కంపెనీ మీద కూడా కాంట్రాక్ట్ వర్కర్‌గా కేసు వేయొచ్చు. ఇద్దరి మీదా వేస్తే ఏకాస్‌కి ఇద్దరి పేర్లూ ఇవ్వాలి. బోర్డు మీద పేరు కాదు, పేస్లిప్ మీద, కాంట్రాక్టు మీద ఉన్న పేరు.

డబ్బు ఎంత వస్తుందని అందరూ అడుగుతారు, కాస్త సిగ్గుపడుతూ. పోయిన జీతం కాకుండా, మనసు నొచ్చుకున్నందుకు విడిగా ఇచ్చే పరిహారానికి వెంటో బ్యాండ్లని ఉన్నాయి, 2002 నాటి ఒక కేసు పేరు మీద. 2025 ఏప్రిల్ 6 నుంచి 2026 ఏప్రిల్ 5 దాకా వేసిన కేసులకి కింది మెట్టు 1,200 నుంచి 12,100 పౌండ్లు, మధ్య మెట్టు 36,400 దాకా, పై మెట్టు 60,700 దాకా. ఏటా సవరిస్తారు. వివక్ష కేసుల్లో మొత్తం పరిహారానికి చట్టం పైపరిమితి పెట్టలేదు. పత్రికల్లో వచ్చే లక్షల పౌండ్ల వార్తలు చూసి ఎవరూ లెక్కలు వేసుకోవద్దు. ఎక్కువ కేసులు రాజీలోనే ముగుస్తాయి, విచారణ తేదీకి ఏడాది దాటి ఆగడం మామూలే. ఆ ఎదురుచూపు మనిషిని లోపలి నుంచి తినేస్తుంది.

ఇప్పుడు మీకు నచ్చని భాగం.

మన వేడుకల బ్యానర్ల మీద స్పాన్సర్ల పేర్లు ఉంటాయి. వాళ్ళలో కొందరు యజమానులు. వాళ్ళ దగ్గర పనిచేసేవాళ్ళు కూడా మన సభ్యులే. గొడవ వస్తే మీరు మధ్యవర్తులుగా కూర్చుంటారు, "మనలో మనం" అంటారు. ఆ కూర్చున్న వారాల్లో గడువు నడుస్తూనే ఉంటుంది. యజమానికి ఆ సంగతి లాయరు చెప్పి ఉంటాడు, పనివాడికి ఎవరూ చెప్పరు. సమస్య సాయంత్రం మాట్లాడుకుందాం, ఉదయం మాత్రం ఏకాస్‌కి ఫారం పంపు అని మీరే చెబితే ఎవరికీ నష్టం లేదు. రాజీకి అడ్డూ లేదు.

కులం గురించి కూడా. "మీది ఏ ఊరు, ఇంటిపేరేమిటి" అని అడిగి, ఆ తర్వాత షిఫ్టులూ ప్రమోషన్లూ పంచే మేనేజర్లు ఈ దేశంలోనూ ఉన్నారు, మనందరికీ తెలుసు. కులం అన్న మాట సమానత్వ చట్టంలో విడిగా లేదు. 2018లో ప్రభుత్వం దాన్ని చేర్చకూడదని నిర్ణయించి, కోర్టులకు వదిలేసింది. కానీ 2014 డిసెంబరులోనే ఎంప్లాయ్‌మెంట్ అప్పీల్ ట్రిబ్యునల్, కులం కొన్ని సందర్భాల్లో జాతి మూలం కిందకి రాగలదని చెప్పింది. ఆ కేసు వేసింది బిహార్ నుంచి ఇంటిపనికి వచ్చిన ఒక ఆదివాసీ మహిళ. ఆ మరుసటి ఏడు కనీస వేతనం బకాయి కిందే ఆమెకు దాదాపు 1,84,000 పౌండ్లు ఇవ్వాలని తీర్పు వచ్చింది. ఇంగ్లిష్ కూడా సరిగ్గా రాని మనిషి ఆ దారి వేసింది. మన మేనేజర్లకి ఈ కేసు గురించి ఎవరైనా చెప్పారా?

"మనం వచ్చింది బతకడానికి, గొడవలకి కాదు" అంటారు మీలో పెద్దలు. 1976లో ఉత్తర లండన్‌లో గ్రన్‌విక్ అనే ఫొటోలు కడిగే ఫ్యాక్టరీ ముందు చీరలో నిలబడిన జయాబెన్ దేశాయ్ కూడా బతకడానికి వచ్చిన మనిషే. ఆ సమ్మె దాదాపు రెండేళ్ళు సాగి ఓడిపోయింది. జాతి వివక్ష మీద మనిషి తనంతట తాను నేరుగా ట్రిబ్యునల్‌కి వెళ్ళే హక్కు ఇచ్చిన చట్టం ఆ 1976లోనే పాసైంది. మనం దాన్ని అంతగా వాడుకోలేదు, అంతే.

నేను అడిగేది ఎక్కువేం కాదు. ఎవరైనా వచ్చి "ఆఫీసులో ఇలా జరిగింది" అంటే, ఎందుకు, ఎవరు అని అడిగే ముందు "ఏ తేదీన జరిగింది?" అని అడగండి. తేదీ తెలిశాక కాగితం మీద ఆఖరి రోజు రాసి చేతికివ్వండి. సలహా మీరు ఇవ్వనక్కర్లేదు. యూనియన్‌లో ఉన్నారా, ఇంటి ఇన్సూరెన్సులో లీగల్ కవర్ (లాయరు ఖర్చు భరించే ఏర్పాటు) ఉందా అని అడగండి (ఉంటే లాయరుని పెట్టుకోకముందే ఇన్సూరెన్సు వాళ్ళకి ఫోన్ చేయాలి). ఉచితంగా సలహా చెప్పే సిటిజన్స్ అడ్వైస్, దగ్గర్లోని లా సెంటర్ నంబర్లు ఇవ్వండి. ఇంగ్లిష్‌లో ఇబ్బంది ఉంటే దరఖాస్తులోనే దుబాసీ కావాలని రాయొచ్చని చెప్పండి. ఉత్తర ఐర్లండ్‌లో ఉండేవాళ్ళకి చట్టమూ ట్రిబ్యునలూ వేరు, వాళ్ళని అక్కడివాళ్ళ దగ్గరికే పంపండి.

వచ్చే ఉగాది కార్యక్రమంలో నాకు పావుగంట ఇవ్వండి. పంచాంగ శ్రవణం అవగానే అయితే బాగుంటుంది, ఎలాగూ అందరూ తిథులూ తేదీలూ వింటున్న మూడ్‌లో ఉంటారు. నా ఫైలు తెస్తాను. ఫిబ్రవరి 4 నాటి మెయిల్, మే 9 నాటి జవాబు, మే 22 నాటి ఏకాస్ రసీదు, మూడూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను. నా పేరు ట్రిబ్యునల్ తీర్పుల వెబ్‌సైట్‌లో ఎలాగూ ఉంది, ఎవరైనా వెతుక్కోవచ్చు. ఇక్కడ మాత్రం రాయడం లేదు, మా పాప ఈ మధ్యే చదవడం నేర్చుకుంది.

మార్చి మొదటి వారంలోపు చెబితే తేదీల లెక్క ఉన్న కాగితాలు రెండు వందలు ప్రింట్ తీయిస్తాను. ఆ ఖర్చు నాదే.

ఇట్లు,
మీ సభ్యురాలు,
టోకెన్ల కౌంటర్ దగ్గర ఉండే మనిషి